నూటపన్నెండో పేజీ

అట్ట ఊడి మూడుసార్లు మైదాపిండి మెత్తించుకున్న పుస్తకం.
దేవరకొండ శాఖా గ్రంథాలయంల
పోటీపరీక్షల గైడ్లను ఇడిస్తే
ఇంత నలిగింది ఇదొక్కటే.

కథ పెద్దగ ఏం లేదు.
భూముల సర్వేకొచ్చిన పిల్ల
మన ఖిల్లా దర్వాజల నిలబడి
ఉరుముకు కండ్లు మూస్తది.
తెరిచేసరికి ఆరువందల యాభై ఏండ్లు ఎన్కకు.
దర్వాజకాడ కావలిపిలగాడు, చేతిల బరిసె.
మిగిలింది మీరే అనుకోండ్రి.

నేను అటెండర్ను.
సదివినోళ్ళు పుస్తకమొక్కటే వాపసియ్యరు,
కడుపులున్న మాట గూడ బల్ల మీద పెట్టిపోతరు.
దానికి రిజిస్టర్ల గడి లేదు.

హిస్టరీ చెప్పి రిటైరైన రంగాచార్యులు సారు
ఎర్ర పెన్సిల్ తోనే సదువుతడు.
కావలిపిలగాడు ఆమెకు జొన్నరొట్టెల
పచ్చిమిర్చి తొక్కు పెట్టి తినిపిస్తడు గద,
ఆడ అంచు మీద ఆయన రాత:
"మిరపకాయ ఈ దేశానికి రావడానికి ఇంకా నూరేళ్ళకు పైనే ఉంది."
దాని కింద నీలం ఇంకు:
"మిరియాలనుకోండి సారూ. వాళ్ళను తిననియ్యండి."
అది షమీమున్నీసా చేతిరాత, నాకెర్కే.
కుట్టుమిషన్ కాడికెళ్ళి లేచొస్తది,
గుర్తుకు దారప్పోగు పెడ్తది.
తొమ్మిదిసార్లు తీస్కపోయింది,
తొమ్మిదిసార్లూ దారం ఆ రొట్టె కాడనే.

కండక్టర్ బాలనర్సు లెక్క వేరే.
"అంగట్ల ఏం చిల్లరిచ్చిందే ఆమె?
పదిరూపాయల బిళ్ళ
ఇప్పుడే మా బస్సుల ఎవ్వడు తీస్కుంటలేడు!"

తండాకెళ్ళి వచ్చే రమావత్ మంగ్తి
సదివి మూడు దినాలు ఏం అనలే.
నాలుగో దినం అడిగింది:
"మావోళ్ళు అప్పటికి ఈ దిక్కే రాలేదంట, సారు చెప్పిండు.
మరి గా దర్వాజల నేను కండ్లు మూస్తే
యాడ తేల్తనక్కా?"
ముద్ర ఏసి కార్డు ఇచ్చిన.
ఇంకేం ఇయ్యాల్నో తెలువలే.

ఆఖర్కి పిల్ల వాపసొస్తది.
బస్టాండ్ల నిలబడ్తది, చేతికి ఎండికడియం.
ఇగ లొల్లి.
ఎందుకొచ్చిందని షమీమున్నీసా,
డ్యూటీ అయినంక దిగాలె గదా అని బాలనర్సు,
కడియం ఏ కాలం పనితనమో రాయలేదని సారు.
సప్పుడు చేయొద్దన్న బోర్డు కిందనే.

ముత్యాలు మాత్రం అండ్ల కలవడు.
మర్రిగూడ దిక్కెళ్ళి వస్తడు.
నలభై దాటలే, నడుము ఎప్పుడో ఒంగింది,
మెడ తిప్పాల్నంటే మనిషంత తిరగాలె.
పై అరల పుస్తకం ఆయన ఏనాడూ సూడలే.
కింది అరల ఉన్నందుకే ఇది దొరికింది.

ఆ దినం పుస్తకం తెరిచి
బొటనవేలు ఒక్క వరుస మీద పెట్టిండు.
నూటపన్నెండో పేజీ.
కోటకింది బాయిల పిల్ల దోసిలి పట్టి తాగుతది,
నీళ్ళు తియ్యగున్నయంటది.
"నిజమేనా అమ్మా,
అప్పుడు మన నీళ్ళు మంచిగుండెనా?
బాయి గింత లోతు లేకుండె గద. బోర్లు లేకుండె.
నేనైతే పోత. మల్ల రాను.
ప్రేమ సంగతి తర్వాత సూస్కుందం.
దూపకు పోత."

ఇప్పుడు నల్లాల కిష్ణ నీళ్ళొస్తున్నయి.
ఎముకకు ఆ సంగతి ఎవరు చెప్పాలె?

నిన్న జిల్లాకెళ్ళి తనిఖీ అన్నరు.
పుస్తకాలల్ల పెన్సిల్ రాతలన్నీ తుడువమన్నరు.
రబ్బరు పట్టుకొని కూసున్న.
మిరపకాయ పోయింది, కడియం పోయింది,
ఇంకు కాబట్టి మిరియాలు మిగిలినయి.
నూటపన్నెండుల
తియ్యటి నీళ్ళ పక్కన సారు రాసుకున్నడు:
"ఆధారం?"
తుడిచిన.
మాసిన కాయితం మీద ఇంకా కనబడ్తనే ఉన్నది.

పుస్తకం మల్ల కింది అరలనే పెట్టిన.